హుజా వాగులో కాపలాదారు

సెయింట్ లూయిస్‌లో ఉన్నన్నాళ్లూ వేసవి వస్తే నాలుగైదు తెలుగు కుటుంబాలం కలిసి ఓజార్క్ కొండల వైపు బయల్దేరేవాళ్లం. ఆ జూన్‌లో మెరమెక్ నదిలో కలిసే హుజా వాగుకి వెళ్లాం. అందరూ గాలి ట్యూబులెక్కి తేలిపోతుంటే, నేను కళ్లకు అద్దం, నోట్లో గాలిగొట్టం పెట్టుకుని మోకాలిలోతు నీళ్లలో బోర్లా పడుకున్నాను. లాంగ్‌ఇయర్ సన్‌ఫిష్ గూళ్లు కట్టే కాలం అది.

గులకరాళ్లలో మూరెడు వెడల్పు గుంటలు, ఒకదాని పక్కన ఒకటి. మగచేప తోకతో ఊడ్చి చేసుకున్నవే అన్నీ. చేప జానెడు కూడా లేదు. పొట్టంతా మండుతున్న నారింజ. బుగ్గల మీద, ఒంటి మీద కలంకారీ కలంతో గీసినట్టు నీలపచ్చ మెలికలు. మొప్ప వెనక పొడవాటి నల్ల రేకు, దానికి తెల్లంచు.

1820లో ఈ చేపను శాస్త్రానికి పరిచయం చేసిన రఫినెస్క్, పక్షుల చిత్రకారుడు ఆడుబాన్ సరదాకి కల్పించి చెప్పిన చేపల్ని కూడా నమ్మి రాసేసుకున్నాడు. నన్నడిగితే అన్నిటికన్నా కల్పనలా కనిపించేది ఇదే.

అందం చూద్దామని వెళ్తే ఎడతెగని తగాదా కనిపించింది. పక్కగూటి మగచేప కాస్త ఇటు జరిగితే చాలు, రేకులు విప్పి మీదికి దూకుడు. వెలిసిన రంగు ఆడచేప వచ్చాక ఇద్దరూ గుండ్రంగా తిరిగారు, ఆమె పక్కకి ఒరిగింది. సరిగ్గా అప్పుడే చిన్న మగచేప ఒకటి దొంగలా దూరి పారిపోయింది. జతకట్టే వేళ గూటి మగచేప గుర్రుమంటుందని చదివాను గానీ నాకు వినిపించింది నా ఊపిరే. పైన రెడ్‌ఫిన్ షైనర్ చేపల గుంపు. అవీ అదే గూట్లో గుడ్లు పెడతాయి, వాటికి కాపలా ఖర్చు లేదు.

"పులుసుకి పనికొస్తుందా?" అని బావ ట్యూబు మీంచి కేకేశాడు.

ఒడ్డుకి తీస్తే ఆ రంగులు నిలవవనీ, కాపలా మగచేపను గాలమేసి లాగితే చుట్టుపక్కల చేపలు గుడ్లు తినేస్తాయనీ చెప్పాను. నమ్మలేదు. నా అద్దం లాక్కుని, తల ముంచి, గూట్లో వేలు పెట్టాడు.

"కరిచిందిరా ఇది!" అంటూ లేచాడు.