మూలనపడ్డ రథానికి మళ్లీ మెరుపు

నాంపల్లి స్టేషన్లో దిగితే అబిడ్స్ కూతవేటు దూరమే. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ అబిద్ దుకాణమే ఈ పేటకు పేరైంది. ఆ నిజామే ఇంగ్లండు నుంచి రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ తెప్పించుకోవాలనుకున్నారు. వెనక సీటు అచ్చం సింహాసనమే! 1911లో ఆయన కన్నుమూశాకే కారొచ్చింది. అబిడ్స్ పక్కనే కింగ్‌కోఠిలో ఉన్న కొడుకు ఉస్మాన్ అలీఖాన్ దాన్ని వాడింది తక్కువే. ఏళ్లతరబడి మూలనపడ్డ ఆ పసుపు రథం మరమ్మతులయ్యాక చౌమహల్లా ప్యాలెస్‌లో కొలువుదీరింది.

మీ పెరట్లోనూ తాతగారి అంబాసిడర్ ఉందా? తుక్కు కింద అమ్మేయకండి. అలాగని తుప్పు మీదే రంగేస్తే లోలోపల తినేస్తూనే ఉంటుంది. ముందు గీకి, తుడిచి, రెడ్ ఆక్సైడ్ పూయాలి. ఆ తర్వాతే రంగు. నిజాం కారైనా, తాతగారి కారైనా తుప్పుకు ఒకటే!