భద్రాద్రిలో ఒక రేయి

కడచిన శ్రీరామనవమికి మేము భద్రాచలము పోయితిమి. కల్యాణమునకు ముందునాటి రాత్రి సత్రములో చోటు దొరకినను, ఉక్కకు తాళలేక నేనును మావారును గోదావరి మెట్లకడకు వచ్చి కూర్చుంటిమి. వెంట మా తమ్ముడు, వాని మెడలో కెమెరా. మెట్లపొడవునను, ఒడ్డుననున్న రావిచెట్టు క్రిందను యాత్రికులు మూటలే తలగడలుగా నిద్రించుచుండిరి. అష్టమి చంద్రుడు నడిరేయి దాటగానే క్రుంకెను.

ఆ సాయంకాలమే వాడు నా దుప్పటి ముసుగు పెట్టుకొని కెమెరాలో నొక ఫిలిము నెక్కించినాడు. అది పరారుణకిరణముల నెరుగు ఫిలిము. మన కంటికి ఎరుపు ఇంచుమించు 700 నానోమీటర్లతో ముగియును. ఈ ఫిలిము 800 దాకను చూడగలదు. ఫ్లాషుకు నల్లగా కనబడు బిళ్ళ తొడిగినచో తెల్లని వెలుగు లోపలనే నిలిచి, పరారుణము మాత్రము వెలువడును. సూటిగా దానినే చూచువారికి నివురులోని నిప్పువలె ఎర్రని మెరపు లీలగా తోచును. ఆ వెలుగు దగ్గరి వస్తువులకే చాలును. ఫోకసును కూడ కొంత సవరింపవలెను. 1940వ దశకమున న్యూయార్కులో వీజీ యను ఛాయాగ్రాహకుడు ఈ ఉపాయముతోనే సినిమాహాళ్ళ చీకటిలో ప్రేక్షకుల నవ్వులను, కునికిపాట్లను, ప్రేమికుల ముద్దులను వారెరుగకయే పట్టెను.

తమ్ముడు మెట్లవైపు కెమెరా త్రిప్పెను. అచట నొక పడుచు చంటిబిడ్డకు పాలిచ్చుచునే నిద్రపోయినది. పైట తొలగియున్నది.

"వద్దురా" అంటిని.

"వెలుగు కనబడదక్కా! నిద్ర కూడ చెడదు. మామూలు ఫ్లాషయితే అందరూ అదిరిపడి లేస్తారు."

"కనబడదనే కదరా నా భయము!"

మావారు వాని పక్షమే. మనుష్యుల సహజరూపము తమ్మెవరును చూచుట లేదనుకొన్నప్పుడే తెలియునని వారి వాదము. అందు నిజము లేకపోలేదు. నాకు మాత్రము సౌప్తికపర్వము తలపునకు వచ్చినది: మర్రిక్రింద కూర్చుండి అశ్వత్థామ, నిద్రించు కాకులను చంపు గుడ్లగూబను చూచి నేర్చిన విద్య! పోలిక పెద్దదే, ఒప్పుకొందును, తమ్ముడును అలిగినాడు. అయినను "తీయుము" అనవలసినది ఆ పడుచు. ఆమె నిద్రలో నున్నది.

వాడు మూతి ముడుచుకొనియే రావిచెట్టువైపు తిరిగి మూడు బొమ్మలు తీసెను.

నెల పిదప అవి చేతికి వచ్చినవి. పచ్చని యాకులు పరారుణమును మిక్కిలిగా త్రిప్పికొట్టును. అందుచే కొమ్మలన్నియు మల్లెలు విరియబూచినట్లు తెల్లగా నున్నవి, వెనుక ఆకాశము కాటుక. మూడవ బొమ్మలో చెట్టు మొదట, మేమప్పుడు గమనింపని యొక ముసలమ్మ లేచి కూర్చుండి, పైట సవరించుకొనుచు, సూటిగా మావైపే చూచుచున్నది.