గెయిటీ కట్టించింది మనవాడే!

మద్రాసులో భారతీయుడు కట్టించిన మొట్టమొదటి సినిమా హాలు గెయిటీ అనీ, కట్టించింది బందరులో పుట్టిన రఘుపతి వెంకయ్య అనీ నాకు ఇన్నాళ్లకు తెలిసింది. అప్పట్నుంచి కాశీబుగ్గ బజారులో ఎవరు ఎదురుపడినా ఇదే చెబుతున్నాను. రఘుపతి వెంకయ్య అవార్డు అని ఎన్నిసార్లు వినలేదు! ఆ పేరు వెనక ఇంత కథ ఉందని మనకెవరు చెప్పారు?

ఆయన మౌంట్ రోడ్డులో ఫొటో స్టూడియో నడిపేవాడు. 1910 ప్రాంతంలో క్రోనో మెగాఫోన్ అనే యంత్రం ఆయన కంటబడింది. తెర మీద బొమ్మ కదులుతుంటే గ్రామఫోన్ రికార్డు దానికి జతగా పాడుతుంది. మన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. అంతకు ఇరవయ్యేళ్ల ముందు మాట ఇది! ఖరీదు 30,000 రూపాయలట. చక్కగా నడుస్తున్న స్టూడియోని తాకట్టు పెట్టి మరీ కొన్నాడు. ఎంత గుండె!

ఆ యంత్రంతో ఊరూరా డేరాలు వేశాడు. సింహళం వెళ్లాడు, బర్మా వెళ్లాడు. బర్మా అనగానే నా ఒళ్లు పులకరించింది. ఆ కాలంలో మన గంజాం జిల్లా వాళ్లు కూలి పనులకు ఓడెక్కి రంగం, అంటే రంగూన్, పోయేవారు కదా! ఉద్దానం తాతల్లో ఎవరో ఒకరు ఆ డేరాలో నేల మీద కూర్చుని తొలి బొమ్మ చూసే ఉంటారని నాకు గట్టి ఆశ.

1914 నాటికి గెయిటీ లేచింది. తర్వాత క్రౌన్, గ్లోబ్. కొడుకు ప్రకాష్‌ని సినిమా విద్యకు లండన్ పంపాడు. 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీయించాడు. చివరికి ఆ హాళ్లేవీ ఆయన చేతిలో మిగల్లేదు. 1941లో కన్నుమూశాడు.

మౌంట్ రోడ్డులోనే దొరలు నడిపిన ఎలక్ట్రిక్ థియేటర్ భవనం తపాలా శాఖ చేతికి వచ్చి ఇప్పటికీ నిలిచి ఉంది. మనవాడి గెయిటీని మాత్రం పడగొట్టేశారు. ఇది నాకు మింగుడు పడటం లేదు.

మన దగ్గరి హాళ్ల కథలైనా చెరిగిపోకూడదు. పలాస, టెక్కలి, సోంపేటల్లో తొలి టూరింగ్ టాకీసులు ఎవరు నడిపారో, ఏ హాలు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో మీ ఇళ్లల్లో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. దయచేసి ఈ వారమే అడగండి, రాసి పెట్టండి.