ఆపరేషను సక్సెస్, మరి ఫలితం?

మా బ్యాంకులో అప్పు మంజూరు చేసినంత మాత్రాన పని అయిపోదు. డబ్బు చేతులు మారిన రోజునే అసలు పని మొదలవుతుంది. వాయిదాలు వస్తున్నాయా, కొన్న సరుకు కొట్లో ఉందా అని కనిపెట్టి ఉండాలి. ముప్పై ఏళ్లుగా ఈ బుద్ధికి అలవాటు పడ్డవాణ్ణి. అందుకే మా అక్కయ్య మనవడికి చెవి ఆపరేషను అయిన రోజు అందరూ "సక్సెస్" అంటూ స్వీట్లు పంచుతుంటే నాకొక్కటే సందేహం. దేన్నిబట్టి సక్సెస్?

వాడికప్పుడు రెండున్నరేళ్లు. పుట్టుకతోనే రెండు చెవులూ వినపడవు. చెన్నైలోనే ఒక ఆసుపత్రిలో కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టారు. లోపలి చెవిలో నత్తగుల్లలా ఉండే భాగంలోకి ఎలక్ట్రోడ్లున్న సన్నని తీగ పంపిస్తారు. చెవి వెనక తగిలించే యంత్రం శబ్దాన్ని సంకేతాలుగా మార్చి నరానికి అందిస్తుంది. 1978లో మెల్బోర్నులో గ్రేమ్ క్లార్క్ గారు ఇలాంటి బహుళ ఎలక్ట్రోడ్ల పరికరాన్ని అమర్చారు. మన ఊళ్లో ఈ చికిత్సకు పేరు తెచ్చినవారిలో 2006లో పద్మశ్రీ అందుకున్న డాక్టర్ మోహన్ కామేశ్వరన్ గారొకరు.

నా సందేహం తీర్చింది ఆడియాలజిస్టు అమ్మాయి. "కుట్లు మానడం, తీగ సరిగ్గా కూర్చోవడం సర్జన్‌గారి లెక్క సార్. వాడేం వింటున్నాడన్నది వేరే లెక్క" అంది. దానికి 1995లో నాటింగ్‌హామ్ వాళ్లు సున్నా నుంచి ఏడు దాకా మెట్లు కట్టారట. సున్నా అంటే చుట్టూ ఏ శబ్దం ఉన్నా ఎరుకే లేదు. నాలుగంటే పెదవులు చూడకుండా మాటల శబ్దాల్లో తేడా పట్టడం. ఐదంటే మామూలు మాటలు అర్థం కావడం. ఏడంటే తెలిసినవాళ్లతో ఫోనులో మాట్లాడటం! మా ప్రమోషన్ల మార్కులకంటే ఇదే నయమనిపించింది. (సైనస్ ఆపరేషనుకైతే 22 ప్రశ్నల కాగితం, 110 మార్కులు. అక్కడ మార్కులు తగ్గితేనే లాభం!)

ఇక ఇంట్లో భాష గొడవ. పెరంబూరు వీధిలో తమిళం, రేపు బడిలో ఇంగ్లీషు, అక్కయ్య నోట తెలుగు. ఏదో ఒక్కటే మాట్లాడమంటే ఏది? "అమ్మ ఆలోచించకుండా మాట్లాడేది ఏదో అదే" అంది థెరపిస్టు, తను తమిళావిడే అయినా. అక్కయ్య పొంగిపోయింది. రోజూ పొద్దున్నే వాడి పక్కన కూర్చుని, నోరు కనబడనీయకుండా ఆ, ఊ, ఈ, మ్, ష్, స్ అనేది. ఒక్కో శబ్దం వినబడగానే వాడు గిన్నెలో ఓ చింతపిక్క వెయ్యాలి. ఈ ఆరింట్లో మాటలకు కావలసిన మంద్రం నుంచి తీక్ష్ణం దాకా అన్ని స్థాయులూ వస్తాయట. "స్"కి పిక్క పడలేదంటే ముందు బ్యాటరీ చూడాలి. మేం పొద్దున్నే క్యాషు సరిచూసుకున్నట్టే!

ఏడాదిన్నర తర్వాత జరిగిన పరీక్షలో మాత్రం నాకు ఒళ్లు మండింది. పరీక్ష పెట్టినాయన వేరే మనిషి. కాగితం అడ్డం పెట్టుకుని "చెరుప్పు ఎంగే?" అన్నాడు. వీడు ఉలకలేదు, పలకలేదు. మళ్లీ అడిగాడు. నాలుగు వేసి ఫైలు మూయబోయాడు. ఆ అంకెను బట్టే థెరపీ ఎలా సాగాలో నిర్ణయిస్తారు. మా మేనకోడలు నెమ్మదస్తురాలు, ఎవరికీ ఎదురుచెప్పదు. ఆ రోజు మాత్రం "ఒక్కసారి నన్ను అడగనివ్వండి" అని కాగితం అందుకుంది. దాని చాటునుంచి "చెప్పులేవిరా?" అంది.

వాడు తిన్నగా వెళ్లి గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు తెచ్చి ఆయన బల్లమీద పెట్టాడు.

ఆయన నవ్వేసి నాలుగు కొట్టేశాడు, ఐదు వేశాడు. పక్కన "తెలుగు" అని రాయమని నేనే పట్టుబట్టాను. చెవికి పెట్టిన పరీక్షలో భాష తప్పితే బ్యాలెన్సు ఎలా కుదురుతుంది?

ఇప్పుడు వాడికి ఐదేళ్లు, మెట్టు ఆరు. ఏడో మెట్టు డ్యూటీ నాది. రోజూ సాయంత్రం ఫోను చేస్తాను. మొదట్లో "హలో" అని పెట్టేసేవాడు. మొన్న "తాతయ్యా, ఏం తెస్తావ్?" అన్నాడు. జంతికలన్నాను.

"వద్దు, బిస్కెట్లు" అన్నాడు.