సుగ్గికి పోయే కోచ్‌లు

దీపావళి వెళ్లిందంటే ఆదోని చుట్టుపక్కల పల్లెల్లో సందడి మారిపోతుంది. సందు చివర బొలేరో వచ్చి ఆగుతుంది. జొన్నల మూట, బియ్యం సంచి, వంట గిన్నెలు, దుప్పట్లు, నీళ్ల బిందె... ఒక్కొక్కటే పైకెక్కుతాయి. ఆఖర్న పిల్లలు ఎక్కుతారు. ముసలివాళ్లు అరుగు మీద నిలబడి చూస్తుంటారు. ఇంటికి తాళం పడుతుంది. బండి గుంటూరు దారి పడుతుంది. మిరపకోతలు అయ్యేదాకా, అంటే మూడు నాలుగు నెలలపాటు, ఇక కాపురం అక్కడే!

దీన్నే ఇక్కడివాళ్లు ‘సుగ్గికి పోవడం’ అంటారు. సుగ్గి అంటే కన్నడంలో పంటకోతల కాలం. పక్క రాష్ట్రం నుంచి వచ్చి తెలుగులో కలిసిపోయిన ఈ మాట కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం పల్లెల్లో వలసకు మారుపేరైంది. ‘మీ నాయన ఏడీ?’ అని పిల్లాణ్ని అడిగితే ‘సుగ్గికి పోయినాడు’ అంటాడు. ఇంకో ప్రశ్న అక్కర్లేదు.

ఈ మాట తెలిసినవాళ్లకు యూరప్‌లో బాస్కెట్‌బాల్ కోచ్ జీవితం ఎలా ఉంటుందో చెప్పడం చాలా తేలిక. అతనిదీ సుగ్గి బతుకే. మిరపతోటకు బదులు ఇండోర్ స్టేడియం. మేస్త్రీకి బదులు ఏజెంటు. సీజను మొదలయ్యే ముందు వెళ్లాలి, ముగిశాక మూట సర్దుకోవాలి. వచ్చే ఏడు ఏ ఊరో ఎవరికీ తెలియదు!

రెండు ఊళ్లు... ఎన్నో దారులు

ఆదోనికి వలసలు కొత్త కాదు. కాకపోతే ఒకప్పుడు జనం ఇక్కడికి వచ్చేవారు. కొండమీది కోట కోసం విజయనగర రాజులు, బీజాపూర్ సుల్తానులు, మొగలులు, నిజాం వంశీకులు పోటీపడ్డారు. 1786లో టిప్పు సుల్తాన్ దాన్ని పట్టుకున్నాడు. బీజాపూర్ తరఫున ఏలిన సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఇప్పటికీ ఊరికి తలమానికం. కోటలు పోయాక పత్తి వచ్చింది. బొంబాయి-మద్రాసు రైలుమార్గం మీద ఉండటంతో జిన్నింగు మిల్లులు, పత్తి మార్కెట్టు కళకళలాడాయి. ‘రెండో బొంబాయి’ అని పేరు పడింది. పొద్దున్నే ఏ హోటల్లో కూర్చున్నా ఉగ్గాని, బజ్జీతోపాటు తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ ఒకే బల్ల మీద వినిపిస్తాయి.

అక్కడికి 30 కిలోమీటర్ల లోపే ఎమ్మిగనూరు. మగ్గాల ఊరు. ఏటా జనవరిలో నీలకంఠేశ్వరస్వామి జాతరకు ఇసకేస్తే రాలనంత జనం. ఎద్దులతో బండ లాగించే పోటీలకు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. పందెంలో ఎద్దుల పక్కనే పరుగెత్తుతూ అదిలించేవాణ్ని చూడండి. బండ లాగేది అతను కాదు. కానీ ఎప్పుడు ఉసిగొల్పాలో, ఎప్పుడు ఊపిరి తీసుకోనివ్వాలో అతనికే తెలియాలి. కోచ్ పనీ అచ్చం అదే!

బాస్కెట్‌బాల్ కూడా వలస వచ్చిన ఆటే. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు గోడకు పళ్లబుట్టలు కొట్టి దీన్ని మొదలుపెట్టాడు. ఆయన పనిచేసింది వైఎంసీఏ వారి శిక్షణ కళాశాలలో. ఆ సంస్థ మనుషులే ఆటను దేశదేశాలకు మోసుకెళ్లారు. 1920లో హ్యారీ బక్ అనే అమెరికన్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ కళాశాల పెట్టాడు. రాష్ట్రం నలుమూలలకూ డ్రిల్లు మాస్టార్లు అక్కడ తయారై వచ్చేవారు. అప్పట్లో ఆదోని తాలూకా మద్రాసు రాష్ట్రంలోని బళ్లారి జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే కర్నూలు జిల్లాలో కలిసింది. ఊరు కదలకుండానే జిల్లా మారిన చరిత్ర దీనిది!

అక్కడా ఒక సీజనే...

యూరప్‌లో బాస్కెట్‌బాల్ సీజను ఆగస్టులో సాధనతో మొదలై మే, జూన్ దాకా సాగుతుంది. దేశంలోని లీగు ఒకటి, దాంతోపాటు పెద్ద జట్లకు ఖండం మొత్తం తిరిగే యూరోలీగ్ వంటి పోటీలు. ఒక మ్యాచ్ సొంతూళ్లో ఆడితే ఇంకోటి మరో దేశంలో. పొద్దున సాధన, మధ్యాహ్నం ఎదుటి జట్టు వీడియోలు, సాయంత్రం మళ్లీ సాధన, రాత్రి విమానం. జట్టులో అమెరికా కుర్రాడు, లిథువేనియా కుర్రాడు, ఊరి కుర్రాడు... అందరికీ అర్థమయ్యేలా అరవాల్సింది మాత్రం ఒక్కడే.

మ్యాచ్ 40 నిమిషాలు. పది నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. ఆ 40 నిమిషాల ఫలితమే కోచ్ వచ్చే నెల అద్దె ఎక్కడ కట్టాలో తేల్చేస్తుంది. అమెరికాలోని ఎన్‌బీఏలో ఎంత ఓడినా జట్టు అక్కడే ఉంటుంది. యూరప్‌లోని చాలా లీగుల్లో అలా కాదు. అట్టడుగున నిలిచిన జట్టు కింది డివిజన్‌కు జారిపోతుంది. డబ్బిచ్చే స్పాన్సర్లు మొహం చాటేస్తారు. పన్నెండు మంది ఆటగాళ్లను మార్చలేరు కాబట్టి ముందు మార్చేది కోచ్‌నే! సీజను మధ్యలో ఉద్యోగం ఊడటం అక్కడ వింత కాదు. కోచ్‌కు ఊరు కొత్త, భాష కొత్త. పిల్లలు ఉంటే వాళ్ల స్కూలు మళ్లీ కొత్త.

31 ఏళ్లకే...

సెర్బియాలో చాచక్ అనే ఊరుంది. జనాభా దాదాపు 70 వేలు. పశ్చిమ మొరావా నది ఒడ్డున ఫ్యాక్టరీలతో బతికే మామూలు పట్నం. అక్కడి బోరాట్స్ క్లబ్బులో ఆడి పెరిగినవాడు జెల్కో ఒబ్రదోవిచ్. తర్వాత బెల్‌గ్రేడ్ వెళ్లి పార్టిజాన్ జట్టులో చేరాడు. 1991లో యుగోస్లావియా జాతీయ జట్టు శిబిరంలో ఉండగా పార్టిజాన్ నుంచి కబురొచ్చింది. ఆటగాడిగా రమ్మని కాదు, కోచ్‌గా! అప్పటికి అతని వయసు 31. నిన్నటిదాకా భుజం తట్టి పాస్ ఇచ్చిన స్నేహితులకే రేపట్నుంచి ఆదేశాలివ్వాలి. ఒబ్రదోవిచ్ ఒప్పుకున్నాడు. ఆట మానేశాడు. పెద్ద దిక్కుగా అలెగ్జాండర్ నికోలిచ్ అనే పాత గురువు సలహాదారుగా పక్కన నిలబడ్డాడు.

అంతలోనే యుద్ధం వచ్చింది. యుగోస్లావియా ముక్కలవుతోంది. బెల్‌గ్రేడ్‌లో యూరప్ మ్యాచ్‌లు ఆడించడం ప్రమాదమన్నారు. దాంతో పార్టిజాన్ తన ‘సొంత’ మ్యాచ్‌లను సుమారు 2 వేల కిలోమీటర్ల దూరంలో, స్పెయిన్‌లోని మాడ్రిడ్ పక్కన ఫ్యూన్‌లబ్రాదా అనే ఊళ్లో ఆడాల్సి వచ్చింది. కోచ్ ఒక్కడే కాదు, జట్టుకు జట్టే సుగ్గికి పోయింది!

విచిత్రం ఏంటంటే ఆ ఊరివాళ్లు ఈ పరాయి కుర్రాళ్లను సొంతం చేసుకున్నారు. టిక్కెట్లు కొన్నారు. గొంతు చించుకుని అరిచారు. తమకు తెలియని భాష మాట్లాడే జట్టుకు తమ ఊరిని ఇచ్చారు. ఆ సీజన్‌లో పార్టిజాన్ బెల్‌గ్రేడ్‌లో ఆడగలిగింది ఒకే ఒక్క మ్యాచ్.

1992 ఏప్రిల్ 16. ఇస్తాంబుల్‌లో ఫైనల్. ఎదురుగా స్పెయిన్‌కే చెందిన జువెంటుత్ బదలోనా. ఇంకొన్ని సెకన్లే ఉన్నాయి. పార్టిజాన్ రెండు పాయింట్లు వెనకబడింది. అలెగ్జాండర్ జోర్జెవిచ్ బంతి అందుకుని పరుగెత్తి మూడు పాయింట్ల గీత అవతలి నుంచి విసిరాడు. పడింది! 71-70. కోచ్‌గా తొలి ఏడాదే ఒబ్రదోవిచ్ యూరప్ విజేత.

గెలిచాక ఏమైంది? ఆంక్షల వల్ల మరుసటి ఏడు యుగోస్లావియా జట్లకు యూరప్ పోటీల్లో చోటే లేదు. 1993లో అతను మూట సర్దుకున్నాడు. ఎక్కడికి? తను ఓడించిన బదలోనాకే! 1994లో వాళ్లకూ కప్పు తెచ్చిపెట్టాడు. 1995లో రియల్ మాడ్రిడ్‌కు. తర్వాత గ్రీసులోని పనథినైకోస్‌కు అయిదుసార్లు. 2017లో టర్కీ జట్టు ఫెనర్‌బాచెకు. మొత్తం అయిదు క్లబ్బులు, తొమ్మిది యూరప్ టైటిళ్లు. ఇంత గెలిచిన కోచ్ యూరప్‌లో మరొకరు లేరు. 2021లో, 61 ఏళ్ల వయసులో, మొదలుపెట్టిన పార్టిజాన్‌కే తిరిగొచ్చాడు. 2025 నవంబరులో ఓటములు వరసకట్టడంతో సీజను మధ్యలోనే రాజీనామా చేశాడు. తొమ్మిది టైటిళ్ల వీరుడికైనా సీజను సీజనే!

ఎమ్మిగనూరుకన్నా చిన్న ఊరు

‘అది పాతకాలం మాట, ఇప్పుడలా ఎవరున్నారు’ అనుకుంటే ఫిన్లాండ్‌వాసి టుమాస్ ఈసలో కథ వినాలి. 1982లో హెల్సింకిలో పుట్టాడు. తనూ ఆడి, ఆట ఆపి కోచ్ అయ్యాడు. 2016లో 34 ఏళ్లప్పుడు జర్మనీలోని క్రైల్స్‌హైమ్‌కు వెళ్లాడు. ఆ ఊరి జనాభా సుమారు 35 వేలు. 2011 లెక్కల ప్రకారమే ఎమ్మిగనూరులో 90 వేల మందికి పైగా, ఆదోనిలో లక్షా 60 వేల మందికి పైగా ఉన్నారు. అంత చిన్న ఊరికీ ఒక ప్రొఫెషనల్ జట్టుంది. అప్పటికి అది రెండో డివిజన్‌కు జారిపోయి ఉంది. ఈసలో రెండేళ్లలో, 2018లో, దాన్ని మళ్లీ పై లీగుకు ఎక్కించాడు.

2021లో బాన్ నగరానికి మకాం మార్చాడు. 2023లో బాన్‌ను యూరప్ స్థాయి ఛాంపియన్స్ లీగ్ విజేతగా నిలబెట్టాడు. ఆ వేసవిలోనే పారిస్. అక్కడ 2024లో యూరోకప్. అదే ఏడాది అమెరికాలోని మెంఫిస్ జట్టులో అసిస్టెంటు కొలువు. 2025లో అక్కడే హెడ్ కోచ్. తొమ్మిదేళ్లు, నాలుగు ఊళ్లు, మూడు దేశాలు! బాన్ నుంచి పారిస్ వెళ్లినప్పుడు టీజే షార్ట్స్ సహా కొందరు ఆటగాళ్లు అతని వెంటే నడిచారు. మంచి మేస్త్రీ ఉంటే కూలీలు అతని గుంపునే వెతుక్కుంటూ వెళ్లినట్టు.

పోలిక ఆగేది ఇక్కడే

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఆదోని పల్లెల సుగ్గికీ, యూరప్ కోచ్ సుగ్గికీ ఒకచోట పోలిక తెగిపోతుంది. ఈసలో ఊరు మారిన ప్రతిసారీ ఒక మెట్టు ఎక్కాడు. మిరపతోటకు పోయే తల్లి పదేళ్ల తర్వాత పోయినా అదే మిరపతోట. కోచ్ పిల్లలు కొత్త ఊళ్లో కొత్త స్కూల్లో చేరతారు. సుగ్గికి పోయే పిల్లలకు ఆ నాలుగు నెలలూ స్కూలే ఉండదు. తిరిగొచ్చేసరికి పరీక్షల కాలం. కొందరు మళ్లీ బడి మెట్లెక్కరు.

అందుకే ప్రభుత్వం ఈ ప్రాంతంలో సీజనల్ హాస్టళ్లు మొదలుపెట్టింది. అమ్మానాన్నలు సుగ్గికి పోయినా పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేలా. తిండి, పడక, పాఠం. ఇవి ఉన్న చోట సాయంత్రం మైదానం కూడా నిండుతుంది. కబడ్డీ గీతలో ఏడుగురు నిలబడతారు. హాస్టలు లేని ఊళ్లో పీఈటీ మాస్టారు డిసెంబరులో జట్టు కూర్చాలంటే ముందు ఊళ్లో ఎవరెవరు మిగిలారో లెక్కపెట్టుకోవాలి.

మనుషుల్ని ఊళ్లో నిలబెట్టిన అనుభవం ఎమ్మిగనూరుకు లేకపోలేదు. 1938లో మాచాని సోమప్ప గారు ఇక్కడ చేనేత సహకార సంఘం స్థాపించారు. నూలు సంఘానిది, నేత నేతగాడిది, అమ్మే బాధ్యత మళ్లీ సంఘానిది. పని ఇంటికే వచ్చింది. ఎమ్మిగనూరు దుప్పట్లు, తువ్వాళ్లు ఊళ్లు దాటి వెళ్లాయి. నేతగాళ్లు ఊళ్లో మిగిలారు. సోమప్ప గారికి పద్మశ్రీ వచ్చింది. చేనేత ఆ రోజులంత వెలుగులో ఇప్పుడు లేదు. అయినా సరుకు వలస వెళ్లి మనిషి ఇంట్లో ఉండటం సాధ్యమేనని ఈ ఊరు ఒకసారి చూసింది.

చాచక్ కూడా అలాంటి పనే ఇంకో తీరులో చేసింది. ఒబ్రదోవిచ్ ఒక్కడే కాదు, 1980 ఒలింపిక్స్ బంగారు పతకం గెలిచిన జట్టులోని ద్రాగన్ కిచానోవిచ్‌దీ ఆ ఊరే. ఫ్యాక్టరీ పట్నంలో ఒక క్లబ్బు, ఒక కోర్టు, సాయంత్రం కాగానే విజిల్ పట్టుకుని వచ్చే ఒక మనిషి... ఇవి ఏళ్ల తరబడి ఒకేచోట ఉన్నాయి. అవి కదలకుండా ఉన్నాయి కాబట్టే అక్కడి పిల్లలు ప్రపంచమంతా కదలగలిగారు.

ఎండలు ముదిరాక గుంటూరు నుంచి బండ్లు తిరిగొస్తాయి. తాళాలు తెరుచుకుంటాయి. పెద్దలు ఎండుమిర్చి సంచి దించుకుంటారు. పిల్లలు మాత్రం ఇంట్లో ఆగరు. నాలుగు నెలల తర్వాత కలిసిన నేస్తాలు బడి వెనక మైదానానికే పరుగెడతారు. అక్కడ గీతలు చెరిగిపోయి ఉంటాయి. ఒకడు కాలి మడమతో మళ్లీ గీస్తాడు. మిగతావాళ్లు జట్లు పంచుకుంటారు.