టైగర్, పలక, బలపం

మనువు పదో అధ్యాయంలో చండాలుడికి ఆస్తిగా కుక్కల్నీ గాడిదల్నీ రాసిచ్చాడు. మా ఇంట్లో గాడిద లేదు. కుక్క ఉంది, పేరు టైగర్. మనువు లెక్కలో లేని పిల్లులు ఇంకో రెండు. మా పాప వాటికి పలక, బలపం అని పేర్లు పెట్టింది. మార్కాపురం పిల్లలకి ఇంకేం పేర్లు తోస్తాయి!

టైగర్ మా పల్లెలో పుట్టిన నాటుకుక్క. ఊళ్లోకి పోయినప్పుడల్లా రాళ్లదెబ్బలు తిని పెరిగింది. ఏది గబుక్కున కదిలినా అరుస్తూ మీదికి పోతుంది. వీధిలో అందరూ పొగరంటారు. పొగరు కాదు, భయం. బలపం ఊరుకుంటుందా? తలుపు సందులోంచి చెయ్యి చాపి దాని తోక గీరి పారిపోతుంది. పారిపోయేదాన్ని తరమకపోతే అది కుక్కెందుకవుతుంది?

ఇంటి ఓనరు ఒకటే మాటన్నాడు: అరుపులు ఆగాలి, లేదంటే ఖాళీ చెయ్యాలి. ఈ ఊళ్లో మాకు ఇల్లు దొరకడమంటే ఏమిటో మీకు తెలుసు. లెక్చరరని చెప్పినంతసేపూ కుర్చీ వేస్తారు. "మీరేమిట్లు?" అని అడిగాక వాళ్ల తమ్ముడు ఆ ఇంట్లోకే దిగబోతుంటాడు.

మా అమ్మ, "మూడిట్నీ ఒక గదిలో ఏసి తలుపెయ్యి నాయినా, అయ్యే సర్దుకుంటాయి" అంది. నేను ఒప్పుకోలేదు. సర్దుకోమనే మాట మనం తరతరాలుగా వింటున్నదే. ఒకే గదిలో వేస్తే ఎప్పుడైనా సర్దుకోవాల్సింది బలం లేనిదే.

మొదటి వారం ఒకదాని కంట ఒకటి పడనియ్యలేదు. పిల్లులు పడుకున్న పాత చీరముక్క టైగర్ దగ్గర, దాని గోనెపట్టా వీటి దగ్గర వేశాం. ముందు వాసన అలవాటు కావాలి. తర్వాత మూసిన తలుపుకి అటూ ఇటూ కూడు పెట్టి, గిన్నెలు రోజుకింత దగ్గరికి జరిపాం. టైగర్ ఒళ్లు బిగబట్టిందంటే గిన్నె మళ్లీ వెనక్కే. ఆ తర్వాత గొలుసు పట్టుకుని తలుపు తీశాం. పిల్లిని చూసి కూడా నా వైపు తిరిగితే గుడ్డు ముక్క. తిట్టలేదు, కొట్టలేదు. పిల్లి కనబడినప్పుడల్లా దెబ్బ పడితే, కుక్క ఆ దెబ్బని పిల్లి ఖాతాలోనే రాసుకుంటుంది.

అన్నిటికన్నా పనికొచ్చింది పలకరాయి. బండలు మెట్లలాగా పేర్చి పుస్తకాల బీరువా నెత్తికి దారి చేశాను. కుక్కకి అందదు. నా పీహెచ్‌డీ నోట్సున్న అట్టపెట్టె ఇప్పుడు పలకకి పరుపు. దాని వల్ల ఒకరికైనా సుఖం దక్కింది. ఎక్కడానికి చోటు దొరికాక పిల్లులు పరిగెత్తడం మానేశాయి, టైగర్ తరమడమూ తగ్గింది. సాయంత్రం పాప దారానికి గుడ్డపీలిక కట్టి బలపాన్ని అలిసిపోయేదాకా ఆడిస్తుంది. టైగర్‌ని నేను జనం లేవకముందే పలకల తుక్కు గుట్టల వైపు తిప్పుకొస్తాను.

ఇది అయిదో నెల. ఓనరు మళ్లీ తలుపు కొట్టలేదు. నిన్న బలపం పోయి గోనెపట్టా అంచున పడుకుంది. టైగర్ కాసేపు చూసి, లేచి వరండాలోకి పోయింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మాత్రం ఇప్పటికీ మధ్య తలుపు గడియ పెట్టే పోతున్నాను.