మాష్టారి రక్తం ఎందుకు పనికిరాలేదు?

పిల్లలూ! నేను లెక్కల మాష్టారుగా చేరి, హెడ్మాష్టరునై, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాను. ఒక కుర్రవాడికి నేనొక జవాబు బాకీ ఉన్నాను. అది తీర్చుకునేందుకే ఇది వ్రాస్తున్నాను.

1996లో మా బడిలో ఏడో తరగతి కుర్రవాడొకడు చింతచెట్టు మీదినుంచి పడ్డాడు. తొడ ఎముక విరిగి చాలా రక్తం పోయింది. ఆస్పత్రిలో రక్తం ఎక్కించాలన్నారు. నేను చొక్కా చెయ్యి పైకి మడిచి, "నాది తీసుకోండి," అన్నాను. డాక్టరుగారు పరీక్ష చేయించి, "మాష్టారూ, వాడిది 'ఎ' గ్రూపు, మీది 'బి'. మీ రక్తం ఎక్కిస్తే వాడి ప్రాణానికే ముప్పు," అన్నారు. చివరకు మా బడి బంట్రోతు రక్తం సరిపోయింది. కుర్రవాడు బతికాడు.

చేతికర్రతో మళ్ళీ బడికి వచ్చిన రోజున వాడు, "మాష్టారూ, మీ రక్తం కూడా ఎర్రగానే ఉంటుంది గదా! ఎందుకు పనికిరాలేదు?" అని అడిగాడు. నాకు తెలియదు. ఆ మాట చెప్పటం నామోషీ అనిపించి, "అవన్నీ నీకెందుకు? లెక్కలు చేసుకో," అని కసిరాను. వాడు మళ్ళీ ఎన్నడూ నన్ను ప్రశ్న అడగలేదు.

జవాబు ఇది. రక్తంలోని ఎర్రకణాల పైన సన్నని చక్కెర దండలుంటాయి. చక్కెర అంటే కాఫీలో వేసుకునేది ఒక్కటే కాదు. చక్కెరలు చాలా రకాలు. అవి పూసలలాగా ఒకదానికొకటి అతుక్కుంటాయి. 'ఓ' గ్రూపువారి దండ చివర ఫ్యూకోజ్ అనే పూస ఉంటుంది. 'ఎ', 'బి' గ్రూపులలో ఆ దండకే మరొక పూస అదనం. 'బి' వారికది గాలక్టోజ్. పాలలోని చక్కెరలో సగం ఇదే. 'ఎ' వారికి దాన్నే పోలి, ఒక మూల మాత్రం కాస్త మారిన చక్కెర. తేడా అంతే! అయినా మన ఒంట్లో కావలికాసే ప్రతిరక్షకాలు, మన దండలలో లేని పూసను ఇట్టే కనిపెట్టి, ఆ కణాలను ముద్దకట్టించి పగలగొడతాయి.

రక్తంలో గ్రూపులున్నాయని 1901లో వియన్నాలో లాండ్‌స్టైనర్ వెల్లడించాడు. మరి గుట్టు చక్కెరలో ఉన్నదని ఎలా తెలిసింది? లండనులో వాట్కిన్స్ అనే ఆవిడా, మోర్గన్ అనే ఆయనా 1952లో ఒక చిత్రమైన పరీక్ష వెల్లడించారు. పామువలె పొడుగ్గా ఉండే ఈల్ చేప రక్తపు తేట, 'ఓ' కణాలను ముద్దకట్టిస్తుంది. ఆ తేటలో రకరకాల చక్కెరలు విడివిడిగా కలిపి చూశారు. ఫ్యూకోజ్ కలిపినప్పుడు కణాలు ముద్దకట్టలేదు! కణాలను పట్టవలసిన ఆ తేటలోని పదార్థం నీటిలోని ఫ్యూకోజునే పట్టుకుని ఊరుకున్నదన్నమాట. ఇటువంటి ఉపాయంతోనే మిగతా రెండు పూసల జాడ కూడా తెలిసింది.

ఆ కుర్రవాడిప్పుడు పెద్దవాడై ఎక్కడో ఉద్యోగం చేసుకుంటున్నాడు. వాడి పిల్లలు ఈ పత్రిక చదివితే, తప్పక మీ నాన్నకు చూపించండి.

ఇంకొక మాట. మీ మాష్టారు ఎప్పుడైనా, "నాకు తెలియదు, చూచి రేపు చెబుతాను," అంటే ఆయనను తక్కువగా చూడకండి. ఆ మాట అనటం నాకు ఆనాడు చేతకాలేదు.